నిలబడ్డ కాలు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. నాయనమ్మ బస్వమ్మ ఒకరు. జహీరాబాద్ ట్రాక్టర్ల కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు సెలవు పెట్టి, బనీను మీద తువ్వాల వేసుకుని ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్న ఆమె కొడుకు సంగమేశ్వర్ ఒకరు. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తూ చెవులు మాత్రం నడిమింట్లో పెట్టుకున్న కోడలు సుమిత్ర ఒకరు. తల్లి మొండితనానికి తమ్ముడొక్కడే చాలడని ముందురోజు సాయంత్రమే రాయికోడ్ నుంచి ఆటోలో దిగిన కూతురు సుగుణమ్మ ఒకరు. కిరాయికి తోలే ఎడ్లను గేటు బయట కట్టేసి వచ్చి, గడప పక్కన కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్న నర్సింలు ఒకరు. ఆరోది సంగమేశ్వర్ కూతురు పూజిత. ఆ ఇంట్లో ఎందరున్నారని ఎవరైనా లెక్కపెడితే ఆఖరికి గుర్తొచ్చేది ఎప్పుడూ ఆ పిల్లే. మొన్న పదో తరగతి అయిపోయేదాకా కూడా, బడిలో హాజరు పిలిస్తే నోరు పెగలక చెయ్యెత్తి ఊరుకునేది.

అలాంటి పిల్ల మీద ఆ పొద్దు లెక్కపెట్టే పని పడింది. అది కూడా నాయనమ్మే వేసింది.

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి మూడో రోజు. వరసగా రెండు రాత్రులు వాన పడి నేల సరైన పదునుకు వచ్చింది. తెల్లారేసరికి మబ్బు విడిపోయింది.

“ఎండ ముదిరిందంటే పదును ఎగిరిపోతది సంగప్పా” అన్నాడు నర్సింలు సాసర్ కింద పెడుతూ. “రేపటికెల్లి నా ఎడ్లు ఖాళీ లెవ్వు. నాలుగు ఇండ్లకు మాటిచ్చిన. ఇయ్యాల ఇత్తుడు ఉన్నదా లేదా చెప్పు.”

“ఉన్నది. జర ఆగు. మా అమ్మ ఒంటికాలు మీద నిలబడాలె.”

నర్సింలు అతని మొహంలోకి చూశాడు. నవ్వు కనబడలేదు. “గదేంది? ఇత్తనం ఏసేటందుకు తపస్సు జెయ్యాల్నా?”

“చెయ్యాలంట” అంది లోపలి నుంచి సుగుణమ్మ. “మా ఇంట్ల గట్లనే ఉంటది.”

జరిగిందేమిటంటే, పోయిన వానాకాలంలో పక్కవాళ్ళ అల్లం చేను గట్టు మీద బస్వమ్మ కాలు జారి పడింది. ఎడమ తుంటి విరిగింది. పట్నంలో దవాఖానలో చేర్పించి లోపల రాడ్డు వేయించారు. ఇంటికి పంపే రోజున డాక్టరు ఫైలు ముందు పెట్టుకుని నిదానంగా చెప్పాడు. ఆపరేషన్ అయిన కాలు మీద, దేన్నీ పట్టుకోకుండా, ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడగలిగిన రోజున కర్ర వదిలేయవచ్చు. అంతవరకూ దున్నిన నేల మీద నడవకూడదు. ఇంకోసారి పడితే మాత్రం మంచమే గతి. ఆ మాటలు మొదలైనప్పుడు సంగమేశ్వర్ ఫోన్లో ఆటో అతనితో మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేసేసరికి అతని చెవిన పడ్డవి మూడే: ఒంటికాలు, ముప్పై, మంచం. మొదటి నుంచి చివరిదాకా విన్నది గోడకు ఆనుకుని సంచి పట్టుకున్న పూజిత ఒక్కతే. ఆ పిల్లను ఏం విన్నావని అడిగినవాళ్ళు లేరు.

ఆ ఇంటి చేనులో విత్తనం ఇప్పటికీ ఎడ్ల గొర్రుతోనే పడుతుంది. పొద్దున లేస్తే ట్రాక్టర్లు బిగించే మనిషికి తన మూడెకరాల్లోకి ట్రాక్టర్ తోలే ధైర్యం లేదని ఊళ్ళో ఎగతాళి. ముందు మగమనిషి గొర్రు తోలుతుంటాడు. గొర్రుకు వెనక తాడుతో కట్టిన వెదురు గొట్టాన్ని ఒక చేత్తో నిలబెట్టి పట్టుకుని, రెండో చేత్తో ఒడిలోని కంది గింజలు తీసి అందులో వదులుతూ ఆడమనిషి నడుస్తుంది. నేల గుల్లగా ఉంటుంది. వేసిన పాదం వేసినట్టే దిగబడుతుంది. రెండు చేతులకూ పనే, కర్ర పట్టుకునే వీలుండదు.

ఆ గొట్టం బస్వమ్మ చేతికొచ్చి నలభై ఆరేళ్ళు. ఆమె అత్త దానికి పసుపు రాసి, ఒడిలో దోసెడు కందులు పోసి ఇచ్చింది. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం గొట్టం ఒకసారి చేయి మారితే వెనక్కి రాదు. ఇచ్చిన మనిషి మళ్ళీ సాలులో అడుగుపెట్టదు, గట్టు మీద కూర్చుని చూడాలి. బస్వమ్మ అత్త అట్లా మూడు వానాకాలాలు చూసింది. నాలుగో దానికి ఆమె లేదు. ఆ సంగతి బస్వమ్మ ఎన్నడూ మరిచిపోలేదు.

అందుకే వారం కిందట సంగమేశ్వర్ అన్నం తింటూ, “ఈసారి గొట్టం సుమిత్ర పడుతది” అనగానే ఆమె చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

“నేను సచ్చిన్నా?”

“సావొద్దనే చెప్తున్న.”

“నలభై ఆరేండ్ల సంది నేను ఏసిన సాలు ఒక్కటన్న వంకర పోయిందా? నీ పెండ్లాం పొయ్యి మీద రొట్టెనే గుండ్రంగ ఎయ్యదు.”

“నా రొట్టె మీదికెందుకొచ్చింది అత్తమ్మా?” అంది సుమిత్ర. “నేనడిగిన్నా గొట్టం?”

మాట మాట పెరిగింది. చివరికి అది డాక్టరు మాట దగ్గర ఆగింది. ముప్పై లెక్కపెట్టేదాకా ఒంటికాలు మీద నిలబడితే విత్తనం తల్లిదే. నిలబడలేకపోతే అందరి ముందూ గొట్టం సుమిత్ర చేతిలో పెట్టాలి. తల్లి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కొడుక్కి తెలుసు. కానీ రాడ్డు వేసిన తుంటితో ఆమె పది దాటదని కూడా అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మాటిచ్చాడు.

అతనికి తెలియంది ఏమిటంటే, పూజిత పరీక్షలు అయిపోయినప్పటి నుంచీ నాయనమ్మా మనవరాలూ రోజూ ఇంటి వెనక కొట్టంలో అదే పని మీద ఉన్నారు. ఎడ్లు అమ్మేశాక కొట్టం ఖాళీగా ఉంది. సంగమేశ్వర్ డ్యూటీకీ, సుమిత్ర కూలివాళ్ళ వెంట చేనుకూ పోగానే ఇద్దరూ అక్కడికి చేరేవాళ్ళు.

పూజితకు వృక్షాసనం నేర్పింది గ్లోరీ టీచర్. జహీరాబాద్ నుంచి షేర్ ఆటోలో బడికి వచ్చే ఆటల టీచర్ ఆమె. “చెట్టు లెక్క నిలబడున్రి అంటే గా ఊగుడేంది? గాలిదుమారం వచ్చిందా?” అని నవ్వించేది. పిల్లలు లేపిన కాలు ఎవరిది ఎంత పైకి పోయిందని పోటీ పడుతుంటే ఒప్పుకునేది కాదు. “లేపిన కాలుదేముంది, అది చుట్టం. పని చేసేది కిందున్న కాలు. తుంటి బలమంత దాని మీదనే తెలుస్తది” అనేది. నడుముకు రెండు పక్కలా వేళ్ళు ఆనించి, లేపిన దిక్కు నడుము కిందికి జారిందంటే నిలబడ్డ కాలికి బలం చాలడం లేదని అర్థమని చూపించేది. పూజిత క్లాసులో అందరికంటే కదలకుండా నిలబడేది. ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం లేని ఆట అదొక్కటే కాబట్టి ఆ పిల్లకు అది నచ్చింది.

“చూపు ఒక్క కాడ పెట్టు నాయనమ్మా. గా గుంజకున్న మొలను చూడు” అనేది కొట్టంలో.

“మొలను చూస్తే ఏమొస్తది? గదేమన్న లింగమా?”

“ఊగకుంట ఉంటవు. లేపిన పాదం రెండో కాలు పిక్కకు ఆనియ్యి. మోకాలుకు మాత్రం ఆనియ్యకు.”

“నీ అయ్య పుట్టినప్పుడు గూడ నేను గింత కష్టపడలే” అనేది బస్వమ్మ, కానీ నిలబడేది. మొదట గుంజ పట్టుకుని, తర్వాత రెండు వేళ్ళు ఆనించి, తర్వాత ఏమీ పట్టుకోకుండా. కుడికాలు మీద ఇరవై, ముప్పై, ఒకరోజు నలభై కూడా దాటింది. ఎడమకాలు మీద నిలబడితే మాత్రం ఐదు. ఆరు. ఒక మంచిరోజున తొమ్మిది. ఆరో లెక్కకే కుడిపక్క నడుము మెల్లగా కిందికి జారడం పూజితకు కనబడేది. నాయనమ్మ మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు గుంజకున్న మొల వైపే ఉండేది.

మూడు రోజుల కిందట ఏడు దగ్గర బస్వమ్మ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. పూజిత రెండు చేతులూ చాచి పట్టుకుంది కానీ ఆ బరువు ఆపలేకపోయింది. ఇద్దరూ చొప్పకట్టల మీద పడ్డారు. పిల్ల మోచెయ్యి గీసుకుని రక్తం వచ్చింది. బస్వమ్మ ముందు నవ్వింది. తర్వాత చాలాసేపు లేవకుండా అట్లాగే పడుకుని తుంటి మీద చెయ్యి వేసుకుని ఉంది.

“నాయనమ్మా, నొస్తుందా?”

“లేదు. ఇది ఎవ్వలకు చెప్పకు.”

“మరి ఆ రోజు ఎట్ల?”

“ఆ రోజు మంచికాలు మీద నిలబడత. రాడ్డున్న కాలు లేపుత. అందరు సంబరపడతరు.”

“డాక్టర్ చెప్పింది అట్ల కాదు గదా.”

“డాక్టర్ వచ్చి చూస్తడా?”

“చేన్ల పడితే?”

“పడితే చేన్లనే గదా, బాయిలనా?” అంది బస్వమ్మ. పిల్ల మోచేతి రక్తం తన కొంగుతో తుడిచింది. “నువ్వు మాట్లాడే పిల్లవు గాదు బిడ్డా. అందుకే నీకు చెప్పిన.”



ఇక ఆ పొద్దు. బస్వమ్మ తలారా స్నానం చేసి, నుదుట మూడు వేళ్ళ విభూతి పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి బిగించి దోపుకుని నడిమింట్లోకి వచ్చింది. కర్రను తలుపు మూలన ఆనించింది. అక్కడి నుంచి గది మధ్యకు నాలుగడుగులు. ఆ నాలుగూ మెల్లగా, కొంచెం కుంటుతూ వేసింది.

సంగమేశ్వర్ జేబులోంచి ఫోన్ తీశాడు. “దీంట్ల టైం పెడ్త.”

“ఫోను గీను నాకొద్దు. అది నీ దిక్కే తిరుగుతది. నా మనవరాలు లెక్కవెడితది.”

అందరూ పూజిత వైపు తిరిగారు. గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లకు గోడలోకి పోవాలనిపించింది.

“అది లెక్కవెడితే మనకు ఇనవడ్తదా?” అంది సుగుణమ్మ.

“ఇనవడేటట్టు పెడితది. ఏం బిడ్డా?”

పూజిత తలూపింది.

“ఇగ మొదలువెట్టమ్మా నీ కొంగజపం” అంది సుగుణమ్మ వాతావరణం తేలిక చేద్దామని.

“కొంగకు జపం చేస్తే చాపన్న దొరుకుతది. నాకు మీ మొకాలే గదా దొరికేది.”

గడప దగ్గర నర్సింలు పకపక నవ్వాడు. సంగమేశ్వర్ నవ్వలేదు. తల్లి వెనక్కి వచ్చి రెండు చేతులూ కొంచెం చాచి నిలబడ్డాడు.

“నువ్వు దూరం జరుగు. కోడిపిల్లను పట్టవొచ్చినోని లెక్క నా ఎన్కకెందుకు?”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్కటే.

బస్వమ్మ ఎదురుగోడ మీది క్యాలెండర్ మీద చూపు నిలిపింది. రెండు చేతులూ గుండె ముందు జోడించింది. ఎడమ పాదం నేల విడిచింది. మెల్లగా పైకి పోయి కుడికాలి పిక్కకు ఆనుకుని ఆగింది.

“ఒకటి” అంది పూజిత.

“అయ్యో శివా” అంది సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. “ఆపరేషన్ కాలే లేపింది చూడు తమ్ముడా!”

ఇంట్లో అందరి లెక్కా అదే. మంచం మీద ఉన్న మూడు నెలలూ బస్వమ్మ ఏడ్చింది ఆ కాలు లేపలేకే. బెడ్‌పాన్ పెట్టాలన్నా, పక్కబట్ట మార్చాలన్నా ఆ కాలును సుమిత్రే రెండు చేతులతో ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది. ఎత్తలేని కాలు ఎత్తితే ఇక బాగైనట్టే గదా. పొయ్యి దగ్గర నుంచి సుమిత్ర చేతిలో పిండితోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“నాలుగు. ఐదు. ఆరు.”

నాయనమ్మ నడుము రెండు పక్కలా సమంగా ఉంది. ఉంటుంది మరి. కుడికాలు మీద ఆమె గుడి స్తంభమే.

“తొమ్మిది. పది. పదకొండు.”

నర్సింలు చాయ్ మరిచిపోయాడు. బయట ఒక ఎద్దు మెడ విదిలిస్తే గంట మోగింది. సంగమేశ్వర్ చాచిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. పూజిత ఒక్కో అంకె చెబుతున్నకొద్దీ అతని మొహంలో ఏదో ముడి విడిపోతున్నట్టు కనిపించింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ మొహం అట్లా ఉండగా పిల్ల చూడలేదు.

“పదిహేను. పదహారు.”

పదిహేడు దగ్గర బస్వమ్మ పాదం కొంచెం వణికింది. వేళ్ళు నేలను పట్టుకున్నాయి, వణుకు ఆగింది.

“భేష్ పెద్దమ్మా” అన్నాడు నర్సింలు గొంతు తగ్గించి. “నేను గూడ నిలబడలేను గట్ల.”

“పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై.”

సంగమేశ్వర్ నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఓడిపోతున్నందుకు అంత సంతోషపడే మనిషి ఉంటాడని పూజిత అనుకోలేదు. అతను వెనక్కి తిరిగి దూలం కింద దోపి ఉన్న వెదురు గొట్టాన్ని రెండు చేతులతో దించాడు. దుమ్ము తువ్వాలతో తుడవడం మొదలుపెట్టాడు.

“ఇరవై ఒకటి.”

ఇంకో గంటలో నాయనమ్మ చేనులో ఉంటుంది. ఎడ్లు ఆగవు. గొర్రు లాగుతుంటే గొట్టం ముందుకు గుంజుతుంది. చేనులో ప్రతి రెండో అడుగూ ఎడమకాలిదే. ఒక్క సాలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు రెండు వందల అడుగులైనా ఉంటుంది. అందులో నూరు అడుగులు, ఏడు లెక్కపెట్టేలోపే ఒరిగిపోయే కాలివి.

“ఇరవై రెండు.”

తర్వాతి అంకె పూజిత నాలుక మీదికి వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది.

“ఊఁ” అంది బస్వమ్మ క్యాలెండర్ మీది నుంచి చూపు తిప్పకుండానే.

“ఇరవై మూడు” అని సుగుణమ్మ అందించింది. “చెప్పవే పోరీ. ఇరవై మూడు.”



“ఏమైంది బిడ్డా?” అన్నాడు సంగమేశ్వర్ గొట్టం తుడవడం ఆపి.

“ఆ కాలు కాదు.”

అది ఎవరికీ వినబడలేదు. పెదవులు కదలడమే కనబడింది. “ఏంది?” అన్నాడు తండ్రి. పూజిత రెండు పిడికిళ్ళూ బిగించింది. మోచేతి మీద పక్కు కట్టిన పుండు సలిపింది.

“ఆ కాలు కాదు నాన్నా!” ఈసారి గేటు బయటికి కూడా వినబడి ఉంటుంది. తన గొంతు తనకే కొత్తగా తోచి పిల్ల ఉలిక్కిపడింది. కానీ ఇక ఆపలేకపోయింది. “డాక్టర్ లేపమన్నది ఆ కాలు కాదు. ఆ కాలు మీద నిలబడమన్నడు. నువ్వు అప్పుడు ఫోన్ల ఉన్నవు. ఆపరేషన్ కాలు మీద ముప్పై అన్నడు. గిది మంచికాలు. మంచికాలు మీద ఎంతసేపైనా నిలబడ్తది. రాడ్డు కాలు మీద తొమ్మిది దాటలే. మొన్న పడ్డది.”

సంగమేశ్వర్ తల్లి పాదం వైపు చూశాడు. నేల మీద ఉన్న కాలు, గాలిలో ఉన్న కాలు. మళ్ళీ నేల మీద ఉన్న కాలు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసే మనిషికి అది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“అమ్మా?”

బస్వమ్మ ఇంకా ఒంటికాలు మీదే ఉంది. తొందరపడకుండా ఎడమ పాదాన్ని కిందికి దించింది. కుచ్చిళ్ళు సర్దుకుంది.

“ఏ కాలైతేంది? నిలబడమన్నవు, నిలబడ్డ. ఏ కాలో నువ్వు చెప్పినవా?”

“ఎప్పుడు పడ్డవమ్మా?” అని సుగుణమ్మ అరిచింది. “మొన్ననా? ఎక్కడ?”

“గింత కథ నడుస్తుంటే నాకు తెల్వదా?” అంది సుమిత్ర. ఆమె చూపు కూతురి మోచేతి మీదికి పోయింది. ఆ దెబ్బ సైకిల్ మీద నుంచి పడితే తగిలిందని పిల్ల చెప్పింది. సుమిత్ర దానికి పసుపు కూడా పెట్టింది.

“అటుకాలు మీద నిలబడు” అన్నాడు సంగమేశ్వర్. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “ఇరవై చాలు. ముప్పై గూడ ఒద్దు. పదిహేను నిలబడు, గొట్టం నీకే ఇస్త.”

“తగ్గించుకుంట బేరం చెయ్యకు నాతోని. ముప్పై అంటే ముప్పయే.” బస్వమ్మ మనవరాలి వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం ఉంటుందనుకుని పూజిత తల దించుకోబోయింది. కోపం లేదు. ఎరగని ఊళ్ళో బస్సు దిగి దారి అడగబోయే మనిషి చూసినట్టు చూసింది. “లెక్కవెట్టు.”

“నాయనమ్మా, ఒద్దు...”

“లెక్కవెట్టు అంటున్న.”

ఈసారి సంగమేశ్వర్ వెనక్కి జరగలేదు. ఆమె కూడా జరగమనలేదు. బస్వమ్మ చేతులు జోడించింది. క్యాలెండర్ మీద చూపు నిలిపింది. కుడి పాదం లేపింది. పిక్కదాకా తేలేదు, మడమ మీదికి తెచ్చి ఆపింది.

“ఒకటి. రెండు. మూడు.”

మూడుకే ఆమె మెడ మీది నరం పైకి లేచింది. ఐదుకు కింది పెదవి పళ్ళ కిందికి పోయింది. ఆరుకు కుడిపక్క నడుము జారుతుందేమోనని పూజిత చూపు అక్కడే పెట్టింది. జారలేదు. ఏడు. ఎనిమిది. పిల్లకు తెలియకుండానే గొంతులో వేగం పెరిగింది. ఆ తొందర బస్వమ్మ పసిగట్టింది.

“మెల్లగ” అంది పళ్ళ సందు నుంచి. “దొంగలెక్క నాకొద్దు.”

“తొమ్మిది.” తొమ్మిది దాటితే అక్కడి నుంచి అంతా కొత్తదే. “పది.” ఎడమ తొడ చీర కింద అదరడం బయటికి కనబడుతోంది. సుగుణమ్మ కళ్ళు మూసుకుంది. “పదకొండు.”

నడుము జారింది. చూస్తూ చూస్తూ ఉండగానే కుడిపక్కకు కుంగి, ఆ వెంటనే ఒళ్ళంతా ఎడమకు ఒరిగింది. బస్వమ్మ చేతులు విడివడి గాలిలో దేనికోసమో వెతికాయి. సంగమేశ్వర్ చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. అతని చేతిలోని గొట్టం నేల మీద పడి గోడదాకా దొర్లింది.



“కూసో అమ్మా.”

“కూసోను. ఇడువు నన్ను.”

అతను వదల్లేదు. సుగుణమ్మ పోయి కర్ర తెచ్చి ఇచ్చాక వదిలాడు. బస్వమ్మ కర్ర మీద ఆనుకుని కోడలిని పిలిచింది. “సుమిత్రా. పసుపు తేపో. చేతులు కడుక్కొని రా. పిండి చేతులతోని పట్టుకుంటవా?”

“ఇప్పుడెందుకు అత్తమ్మా, ఈ ఒక్కసారికి నేనేస్త. వచ్చే ఏడు మల్ల నువ్వే...”

“మల్ల రాదు. నీకు తెల్వదా?” అంది బస్వమ్మ.

సుమిత్ర ఏడుస్తూనే చేతులు కడుక్కుని వచ్చింది. సంగమేశ్వర్ గొట్టం తీసి తల్లికి అందించాడు. ఆమె దానికి మూడు చోట్ల పసుపు రాసింది. కోడలి ఒడిలో దోసెడు కందులు పోసింది, ఒక్క గింజ కింద పడకుండా. గొట్టం చేతిలో పెడుతూ, “అరచేతిల పట్టుకోకు. వేళ్ళ మీద పట్టు. గట్టు కాడ ఎడ్లు మర్లేటప్పుడు గింజ ఆపాలె” అని చెప్పింది. సుమిత్ర వంగి ఆమె కాళ్ళకు మొక్కింది. రెండు కాళ్ళకూ.

“పోదం పదున్రి” అన్నాడు నర్సింలు గడప దగ్గర నుంచి లేస్తూ. అతను ఎవరి మొహం వైపూ చూడడం లేదు. “ఎండొస్తుంది.”

పోయేముందు సుగుణమ్మ పూజిత దగ్గర ఆగింది. “గిది ముందుగాల్నే మీ నాయన చెవుల చెప్తే ఏమాయె? గిట్ల అందరి ముంగట, బయటోని ముంగట...” అని మాట మింగేసి బయటికి పోయింది. సంగమేశ్వర్ కూతురి తల మీద చెయ్యి వేశాడు. “నాయనమ్మ దగ్గర ఉండు” అని మాత్రం అన్నాడు.

ఎడ్ల గంటలు వీధి మలుపు తిరిగేదాకా వినిపించాయి. నడిమింట్లో ఇద్దరే మిగిలారు. చేనుకు పోయి గట్టు మీద కూర్చోమని బస్వమ్మను ఎవరూ అడగలేదు, ఆమె కూడా పోతాననలేదు. కర్ర పట్టుకుని తన అర్ర వైపు నడిచింది. పూజిత గబగబా ఒక రొట్టె, ఇంత పప్పు పళ్ళెంలో పెట్టుకుని, చెంబుతో నీళ్ళు తీసుకుని వెనకాలే పోయింది. పొద్దుటి నుంచీ నాయనమ్మ ఏమీ తినలేదు.

బస్వమ్మ అర్ర గడప దాటి ఆగింది. తలుపు రెక్క మీద ఒక చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

“నాయనమ్మా, పదకొండు దాంక నిలబడ్డవు” అంది పూజిత. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. “ఎన్నడు తొమ్మిది దాటలే గదా. ఇయ్యాల పదకొండు. నడుము పది దాంక జర గూడ జారలే, నేను చూసిన. ఇంక రెండు నెలలు చేస్తే...”

“ఎందుకు?” అంది బస్వమ్మ.

పూజిత చెంబును గడప ఇవతల పెట్టింది.

“ఇందాక ఏడ ఆపినవు లెక్క?”

“ఇరవై రెండు కాడ.”

బస్వమ్మ పెదవులు కదిలాయి. ఇరవై మూడు నుంచి ముప్పై దాకా ఆమె లోపల లెక్కపెట్టుకుంటోందని పూజితకు అర్థమైంది. పిల్ల పళ్ళెం ముందుకు చాచింది. బస్వమ్మ దాన్ని అందుకోలేదు. కర్రను లోపలికి తీసుకుంది. పూజిత మొహం మీదికి తలుపు నిదానంగా వచ్చి మూసుకుంది.